క్యాచర్ వెనక నిలబడేవాడు

ఫ్లోరిడా,
1953 మార్చి 2

పెద్దమ్మా,

ఎమెట్ బతికే ఉన్నాడు. ముందు ఈ మాట చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ తర్వాత మిగతాది చదువు.

గాజు ఫ్యాక్టరీలో పని మానేసి, నీతో ఒక్క ముక్కయినా చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. నీకు ఎంత కోపం వచ్చి ఉంటుందో తెలుసు. వోగెల్ మాంసం కొట్టు దగ్గర నా గురించి ఏమేం అనుకుని ఉంటారో కూడా ఊహించగలను. నేను ఎవరి పిల్లనీ లేవదీసుకుపోలేదు. నారింజ తోటల్లో కూలికీ కుదరలేదు. ఈ చలికాలమంతా ఇక్కడ బేస్‌బాల్ నేర్పే బడిలో చేరి చదువుకున్నాను. పొద్దున ఎండలో మైదానం, మధ్యాహ్నం బెంచీల మీద కూర్చుని నియమాల పుస్తకం. బైబిలు వాక్యాలు అప్పజెప్పలేక నీ చేత మొట్టికాయలు తిన్నవాణ్ణి, ఇప్పుడు ఆ పుస్తకమంతా చూడకుండా చెప్పేస్తాను.

నిన్న లీగ్‌ల వాళ్ళు వచ్చి మాలోంచి కావలసినవాళ్ళని ఏరుకున్నారు. చాలామంది మొహాలు వేలాడేసుకుని ఇళ్ళకి పోయారు. నన్ను తీసుకున్నారు. ఏ లీగ్‌లో అనుకున్నావు? మన ఊరి జట్టు రివర్‌మెన్ ఆడే లీగ్‌లోనే.

నా చోటు హోం ప్లేటు పలక దగ్గర, బ్యాటు పట్టుకున్నవాడి వెనక. ముఖానికి ఇనప ఊచల ముసుగు, గుండెకి దళసరి మెత్త. ప్రతి బంతీ నా కళ్ళముందుకే వస్తుంది. వంగి వంగి నడుం పట్టేస్తోంది గానీ, పెద్దమ్మా, ఇంత ఇష్టంగా నేనే పనీ చెయ్యలేదు. మిగతాది నీ ఎదురుగా కూర్చుని చెబుతాను. ఉత్తరంలో రాస్తే సగం చదివి పొయ్యిలో పెడతావని భయం.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
మార్చి 9

ఒరే ఎమెట్,

పొయ్యిలో ఎందుకు పెడతానురా? నీ ఉత్తరాన్ని చర్చికి పట్టుకెళ్ళాను. పాస్టరుగారు ప్రసంగం ముగించి మెట్లు దిగుతుంటే అక్కడే ఆపి చదివి వినిపించాను. క్యాచర్. మా చెల్లెలి కొడుకు క్యాచర్ అయ్యాడు. అది పోయేటప్పుడు నిన్ను నా ఒళ్ళో పెట్టి, వీణ్ణి మనిషిని చెయ్యమంది. ఇంత మనిషివి అవుతావని దానికీ తెలియదు, నాకూ తెలియదు.

వోగెల్ మాత్రం నమ్మలేదు. "ఎమెట్ చిన్నప్పుడు బంతిని కొట్టగా ఎవరూ చూడలేదు కదా, ఒటీలియా" అన్నాడు. క్యాచర్ పని పట్టుకోవడం, కొట్టడం కాదని బదులిచ్చాను. పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వారు.  సాయంత్రానికి వోగెల్ నీ బలం కోసమని ఇన్ని సాసేజ్‌లు పొట్లం కట్టి ఇచ్చాడు. నీ అడ్రసు స్థిరపడగానే పంపుతాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. మూడో బేసు పక్కన అదే చోట కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా ఆట చూస్తున్నాను. క్యాచర్‌కి అసలు శత్రువు బ్యాటు పట్టుకున్నవాడు కాదు. వీపు వెనక నిలబడే అంపైర్. వాడికి పెట్టవలసిన గౌరవం పైకి పెట్టు, చెయ్యవలసింది చేస్తూ ఉండు. బంతి అంగుళం బయటికి పోయిందనుకో, పట్టుకున్న మరుక్షణం మణికట్టు తిప్పి మెల్లగా లోపలికి లాగాలి. లాగినట్టు కనబడకూడదు. బంతి పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉందన్నట్టు కదలకుండా పట్టుకోవాలి. ఆ గుడ్డిపీనుగు అది సరైన బంతే అనుకుని స్ట్రైక్ అంటాడు, నష్టం కొట్టేవాడికి. మన పాత క్యాచర్ జీవితమంతా ఇలాగే బతికాడు.

అంపైర్‌ని మాత్రం ఎప్పుడూ నమ్మకు. 1934లో పిల్కింగ్‌టన్ అనేవాడు గీత లోపల పడ్డ బంతిని బయట పడిందన్నాడు. మీ పెదనాన్న ఆఖరి రోజుల్లో మంచం మీదుండగా పాస్టరుగారు పరలోకం సంగతి ఎత్తారు. అంతా విని ఆయన, "అవన్నీ సరే, ఆ బంతి లోపలే పడింది" అన్నారు. అలాంటి ఇంట్లోంచి వెళ్ళినవాడివి నువ్వు. మరిచిపోకు.

ఏ జట్టో రాయలేదేం? రివర్‌మెన్ అయితే రివర్‌మెన్ అనే రాసేవాడివి. కాదన్నమాట. ఫరవాలేదు. మన జట్టు మీద ఆడేటప్పుడు మాత్రం కాస్త చూసీచూడనట్టు ఆడు.

గర్వంతో నడవలేకపోతున్న
మీ పెద్దమ్మ

*

వీట్‌లీ,
మే 6

పెద్దమ్మా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ప్రతిసారీ జవాబు మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఒక సంగతి సరిచెయ్యాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. బయట డడ్లీ కారు హారన్ కొడుతున్నాడు. డడ్లీ అంటే నా జోడీ. ఇద్దరం ఒకే కారులో ఊరూరూ తిరుగుతాం. మంచివాడే గానీ గురక పెడితే గది కిటికీలు అదురుతాయి.

నేను ఒక జట్టుకి చెందినవాణ్ణి కాను పెద్దమ్మా. మూడు రోజులు ఒక ఊరు, మూడు రోజులు ఇంకో ఊరు. ఆటగాళ్ళు దిగే హోటల్లో మేము దిగకూడదు. వాళ్ళతో కలిసి భోంచెయ్యకూడదు. మాట్లాడినా అవసరమైనంతే. అదీ నియమం.

నువ్వు చెప్పిన మణికట్టు కిటుకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. అది తెలిశాక ఏ క్యాచర్ ఆటలూ నా దగ్గర సాగడం లేదు. నిన్న ఒకడు అలాగే లాగాడు. "మా పెద్దమ్మ నీకన్నా బాగా చెప్పింది" అన్నాను. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

డడ్లీ మళ్ళీ హారన్ కొడుతున్నాడు. అసలు విషయం ఈసారి తప్పకుండా రాస్తాను.

ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
మే 15

నాయనా ఎమెట్,

 నీకు నేనేం అన్యాయం చేశానని ఇంత దాచావు? మూడు రోజులకొక జట్టు నిన్ను వదిలించుకుంటోందన్నమాట. ఎవరూ ఉంచుకోవడం లేదు. పైగా కలిసి తినకూడదు, మాట్లాడకూడదు. ఇది ఎక్కడి నియమంరా? నేను ఇంతమంది క్యాచర్లని చూశాను, బంతి విసిరే పిచ్చర్‌తో మాట్లాడకూడదన్న క్యాచర్‌ని చూడలేదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు వెల్లుల్లి ఎక్కువ తింటావు. క్యాచర్ ముఖమూ బ్యాటు పట్టినవాడి ముఖమూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అది మానేసి చూడు. ఆ డడ్లీ అన్నవాడినీ వెలేశారంటే, వాడికి గురకతో పాటు ఇంకేదైనా జబ్బు ఉందేమో కనుక్కో.

పేపర్లో నీ పేరు కోసం రోజూ వెతుకుతున్నాను. అన్ని జట్ల క్యాచర్ల పేర్లూ వేలు పెట్టి చదువుతున్నాను. ఎమెట్ హార్లన్ అన్నవాడు ఒక్కడూ లేడు. స్కోరు పట్టిక కింద అంపైర్ల పేర్లు వేస్తారు, ఆ వరుస మాత్రం నేను ఎప్పుడూ చదవను. మంచి కాగితాన్ని వాళ్ళ పేర్లకి పాడుచేస్తారెందుకో. అచ్చు తప్పులు వేసే పేపరని, ఎడిటర్‌గారి ఇంటికి వెళ్ళి మరీ చీవాట్లు పెట్టి వచ్చాను. ఆయన ఏదో చెప్పబోయాడు గానీ నేను వినలేదు.

లీగ్ అధ్యక్షుడికి ఉత్తరం రాయనా? వద్దంటే మానేస్తాను. వోగెల్‌కి మాత్రం ఇవేం చెప్పలేదు. ప్రతి జట్టూ నువ్వే కావాలని పట్టుబడుతోందని, అందుకని వంతులు వేసుకుంటున్నారని చెప్పాను.

రివర్‌మెన్ దూసుకుపోతున్నారు. మన షార్కీ పరిగెడుతుంటే కాళ్ళు నేలకి ఆనుతున్నాయా అనిపిస్తోంది. 1931 తర్వాత, గెలిచిన జట్టుకిచ్చే లీగ్ జెండా మన ఊరి స్తంభం ఎక్కలేదు. ఈ ఏడు ఎక్కుతుంది.

సాసేజ్‌లు ఈ పార్సిల్లో ఉన్నాయి. డడ్లీకీ రెండు పెట్టు, పాపం.

దిగులుతో,
పెద్దమ్మ

*

లోగన్‌డేల్,
జూన్ 20

పెద్దమ్మా,

ముందుగా, అధ్యక్షుడికి దయచేసి రాయకు. నేను వెల్లుల్లి తినడం లేదు. సాసేజ్‌లు అందాయి. డడ్లీ తన వాటా తిని, నా వాటా కూడా తిని, నీ ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాడు.

నిన్న ఇక్కడ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎవరో సోడా సీసా విసిరారు. కుడి కనుబొమ్మ మీద చిన్న దెబ్బ. డాక్టరు రెండు కుట్లు వేశాడు. కంగారుపడకు, చూపుకేం ఫరవాలేదు. ఆట అయ్యాక ఒక ముసలావిడ గొడుగు ఎత్తుకుని కారు దాకా తరుముకొచ్చింది. ఇంచుమించు నీ వయసు, నీలాంటి టోపీ. ఒక్క క్షణం నువ్వేననుకున్నాను. కారెక్కాక డడ్లీ పడీపడీ నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నువ్వెప్పుడైనా ఆలోచించావా పెద్దమ్మా? ఆ మైదానంలో ఆటగాళ్ళు కాక ఇంకో ఇద్దరు ఉంటారు. వాళ్ళకీ ఎక్కడో ఒక ఇల్లు ఉంటుంది. వాళ్ళనీ ఎవరో ఒకరు పెంచి ఉంటారు.

ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
జూన్ 26

ఎమెట్‌కి,

సీసా విసిరారా? క్యాచర్ మీదా? ఆ లోగన్‌డేల్ వాళ్ళు మనుషులు కారని ఎప్పట్నుంచో అంటున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తట్టింది. వాళ్ళు విసిరింది నీ మీద కాదు. నీ వెనకున్న అంపైర్ మీద. వాడు తప్పుకుని ఉంటాడు, నీకు తగిలింది. గొడుగావిడ కూడా చూపానక నిన్ను అంపైర్ అనుకుని ఉంటుంది. పాపం, ఆవిడ తప్పేం లేదు. అంపైర్ మీదకే అయితే నేనూ వెళ్ళేదాన్ని.

అంపైర్లకీ ఇల్లుంటుందని రాశావు. నీది జాలిగుండె, మీ అమ్మలాగే. అంపైర్‌ని పెంచిన ఆడమనిషి ఎవరైనా ఉంటే ఆవిడ మీద నాకూ జాలే. వాడు మైదానంలో నిలబడ్డప్పుడు ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుందో. మొన్న ఆదివారం ఇక్కడికొచ్చిన లావుపాటి అంపైర్ మీద నేనొక ఉడికిన బంగాళాదుంప విసిరాను. సరిగ్గా టోపీకి తగిలింది. మైదానం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఆ రోజంతా మోకాలి నొప్పి తెలియలేదు.

చర్చి ఆడవాళ్ళందరం కలిసి నీ గుండె మెత్తకి ఉన్ని గలీబు అల్లుతున్నాం. ఊరూరూ తిరిగేవాడికి రివర్‌మెన్ రంగులు బాగోవన్నారు, నీలం వేశాం. నీ సంగతి ఇప్పుడు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నువ్వు క్యాచర్‌వి కావని ఎవరైనా అంటే నేను ఈ ఊరు వదిలి పోవడమే.

మన ఊరికి ఎప్పుడు వస్తావు?

పెద్దమ్మ

*

పోర్ట్ ఆల్డర్,
ఆగస్టు 11

పెద్దమ్మా,

నీలం గలీబు అందింది. రోజూ వేసుకుంటున్నాను.

ఈ ఏడు మన ఊరికి పంపరు. కొత్తవాళ్ళని సొంత ఊరికి పంపకూడదని లీగ్ పద్ధతి. ఒకందుకు అదే మంచిది. సెప్టెంబరులో ఆటలు ముగిశాక ఇంటికొస్తాను. అప్పుడు తలుపు వేసుకుని ఇద్దరం కూర్చుందాం. నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు లేవకూడదు, చేతిలో ఏమీ పట్టుకోకూడదు.

ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
ఆగస్టు 29

ఒరేయ్,

తలుపు వేసుకుని చెప్పేదేమిటో నాకు అర్థమైంది. ఎవరా పిల్ల? ఏ ఊరు? లోగన్‌డేల్ పిల్ల మాత్రం కాకూడదు. తక్కిన దేనికైనా సరే అంటాను.

నాకిప్పుడు నీ పెళ్ళి గురించి ఆలోచించే తీరిక లేదు. రివర్‌మెన్, లోగన్‌డేల్ సమానంగా ఉన్నారు. కార్మిక దినం సెలవు సోమవారం నాడు ఆఖరి ఆట, మన మైదానంలోనే. గెలిచినవాళ్ళదే జెండా. వోగెల్ కొట్టు మూసేస్తున్నాడు. పాస్టరుగారు ముందురోజు ప్రసంగం సగానికి తగ్గిస్తానని ఒప్పుకున్నారు. నేను మీ పెదనాన్న ఆవు గంట దూలం మీంచి దింపి తోమాను. బంగాళాదుంపలు పొద్దున్నే ఉడకేస్తాను, బాగా చల్లారాలి.

నువ్వు ఎక్కడున్నా రేడియో దగ్గర ఉండు.

పెద్దమ్మ

*

పోర్ట్ ఆల్డర్,
సెప్టెంబరు 5, శనివారం

పెద్దమ్మా,

ఎదురుగా చెప్పే వీలు లేకుండా పోయింది. మన ఊరి ఆటకి వెళ్ళవలసినతనికి నిన్న అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఇంకెవరూ ఖాళీగా లేరు. పద్ధతి పక్కన పెట్టి నన్ను వెళ్ళమన్నారు. వెళ్ళనన్నాను. "నీకు ఆ జట్టు మీద అంత అభిమానమైతే ఈ పనికి పనికిరావు, ఇంటికి పో" అన్నాడు అధ్యక్షుడు. వెళతానన్నాను.

నేను క్యాచర్‌ని కాను. ఎప్పుడూ కాను. క్యాచర్ వెనక నిలబడేవాణ్ణి. అంపైర్‌ని. నువ్వు చదవని ఆ వరుసలో ఏప్రిల్ నుంచీ నా పేరు ఉంది.

నేను రివర్‌మెన్‌ని ఎంత ప్రేమించానో నీకు తెలుసు. ఆడడం నాకు చేతకాదు. ఆ గీతల మధ్య నిలబడే అర్హత నాకు ఈ ఒక్క దారిలోనే దొరికింది. సోమవారం దయచేసి ఇంట్లో ఉండు. వచ్చినా నన్ను చూసి నవ్వకు, చెయ్యి ఊపకు. నేనూ నీ వైపు చూడను.

నీ ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
సెప్టెంబరు 8, మంగళవారం

ఎమెట్ హార్లన్‌కి,

నీ శనివారపు ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నిన్న సెలవు. పోస్టు లేదు. ఉత్తరాలు రాసేవాడు కేలండరు చూసుకోవాలి.

నిన్న ఏం జరిగిందో చెబుతాను, నువ్వు చూడనన్నావు కనుక.

మైదానం కిటకిటలాడిపోయింది. నేను గంట, దుంపలు పట్టుకుని నా చోట్లో కూర్చున్నాను. పక్కన వోగెల్. మొదటి ఇన్నింగ్స్‌లోనే బ్యాటు పట్టుకున్న మన డార్సీకి మోకాలి కిందుగా పోయిన బంతిని అంపైర్ స్ట్రైక్ అన్నాడు. నేను లేచి నిలబడి, గొంతు చిరిగేలా, "ఒరే గుడ్డోడా, మీ అమ్మ నిన్ను కన్నప్పుడు కళ్ళు పెట్టడం మరిచిపోయిందా?" అని అరిచాను. స్టాండంతా విరగబడి నవ్వింది. అప్పుడు ఆ అంపైర్ ప్లేటు మీద దుమ్ము దులపడానికి వంగి, ముఖం మీంచి ముసుగు తీశాడు. గుండె మీద నీలం గలీబు.

నేను తిట్టింది నా సొంత చెల్లెల్ని.

వోగెల్ నా వైపు తిరిగి, మెల్లగా, "ఒటీలియా, అది మన ఎమెట్ కాదూ?" అన్నాడు.  కూర్చున్నాను. గంట ఒళ్ళో పెట్టుకుని, మోగకుండా దాని నాలిక పట్టుకున్నాను. తర్వాత నేను నోరు తెరవలేదు. నాకు పక్షవాతం వచ్చిందని వెనక వరసలో ఎవరో డాక్టరుగారిని పిలిపించారు. ఆయన వచ్చి నాడి చూసి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. దుంపలు పాస్టరుగారు ఒక్కొక్కటే తినేశారు.

ఆఖరి ఇన్నింగ్స్ నీకు చెప్పక్కర్లేదు. మనం ఒక్క పరుగు వెనక. ఇద్దరు అవుట్, మూడోవాడూ అయితే ఆట ముగిసినట్టే. షార్కీ రెండో బేసు మీద. డార్సీ బంతిని కుడివైపు కొట్టాడు, షార్కీ మా ముందునుంచి మూడో బేసు తిరిగి హోం ప్లేటుకి పరుగు. బంతి, షార్కీ, ఆ లోగన్‌డేల్ క్యాచర్, అంతా ఒక్కచోట కలిసి దుమ్ము లేచింది.  నువ్వు చెయ్యి ఎత్తి అవుట్ అన్నావు. జెండా లోగన్‌డేల్‌కి పోయింది.

ఆ తర్వాత మైదానంలో లేచిన గోల నీకూ వినబడే ఉంటుంది. సీసాలు, టోపీలు, ఎవరిదో బూటు కూడా. వోగెల్ మొహం ఎర్రగా కందిపోయింది. నా భుజం పట్టుకుని, "ఒటీలియా, అందరికన్నా దగ్గరున్నది నువ్వు. ముప్ఫై ఏళ్ళు ఈ చోట్లో కూర్చున్నావు. నువ్వు చెప్పు. సేఫా, అవుటా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అరవడం ఆపి నా వైపు తిరిగారు. ఆ చోట్లోంచి మనవాడు అవుటన్న మాట ఎన్నడూ రాలేదని అందరికీ తెలుసు.

"అవుట్" అన్నాను.

 వోగెల్ చెయ్యి తీసేశాడు. నేను గంట సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే దారి ఇచ్చారు, అంటువ్యాధి ఉన్నదానికి ఇచ్చినట్టు. నిన్ను పోలీసులు వెనక గేటు నుంచి కారెక్కించి పంపించేశారట. నేను కోడిని కాల్చి రాత్రంతా బల్ల మీద పెట్టుకున్నాను. డడ్లీకీ కంచం పెట్టాను.

ఇవాళ వోగెల్ నాకు ఒట్టి ఎముకలు కట్టి ఇచ్చాడు. రొట్టెల కొట్టులో నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. చర్చి పాటల బృందంలో నా పక్కావిడ రెండు కుర్చీలు అవతలికి జరుగుతానంటోంది. జరగనీ. ఆవిడ ఎప్పుడూ శ్రుతి తప్పే పాడుతుంది.

నాకు నీ మీద కోపం ఉంది. మార్చి నుంచీ క్యాచర్ పెద్దమ్మనని ఊరేగాను. అంపైర్ని ఎలా బోల్తా కొట్టించాలో అంపైర్‌కే రాసి పంపాను. ఆ కోపం ఇప్పట్లో తగ్గదు.

ఇంకో సంగతి. డార్సీకి వేసిన ఆ బంతి స్ట్రైక్ కాదు. బెత్తెడు కిందుగా పోయింది. నా మాట ఇంకేది మరిచినా అది గుర్తుంచుకో.

పెద్దమ్మ

*

పోర్ట్ ఆల్డర్,
సెప్టెంబరు 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా రాజీనామా కవరులో పెట్టి, స్టాంపు అంటించి, బల్ల మీద ఉంది. గాజు ఫ్యాక్టరీ మేస్త్రీకి కూడా రాశాను, మళ్ళీ కొలిమి దగ్గర పెట్టుకోమని.

ఎందుకో చెబుతాను, ఇంకెవరికీ చెప్పలేను. డడ్లీకి కూడా చెప్పలేదు. ఆ ఆఖరి ఆటలో దుమ్ము లేచినప్పుడు నాకు అంతా ఒకేసారి జరిగినట్టు కనబడింది. షార్కీ కాలూ, క్యాచర్ చేతి తొడుగూ, ప్లేటూ. కాలు తాకేలోపు తొడుగు తగిలిందనిపించింది. అనిపించింది, అంతే. చెయ్యి లేచిపోయింది. నిర్ణయం చెప్పాక వెనక్కి తిరిగి చూడొద్దని బడిలో నేర్పారు. నాకు అప్పట్నుంచీ అదే పని. కళ్ళు మూస్తే చాలు, షార్కీ జారుకుంటూ వస్తాడు. ఒకసారి అవుట్, ఇంకోసారి సేఫ్. ఆ రోజు అతను నన్ను తిట్టలేదు. నేల మీద కూర్చుని నా మొహంలోకి చూశాడు. తిట్టినా బాగుండేది. నేను మన ఊరి జెండాని తప్పుగా దించేశానేమో, మనవాళ్ళకి సాయం చేశాననిపించుకోకూడదన్న భయంతో అటువైపు ఒరిగిపోయానేమో అని ఒకటే ఆలోచన.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నీ ఎదురుగా ముప్ఫై ఏళ్ళలో మన జట్టువాడు ఒక్కడూ న్యాయంగా అవుట్ కాలేదు. అలాంటి నువ్వు, అంత దగ్గర నుంచి చూసి, అంతమంది ముందు అవుటన్నావు. ఇంక నాకు వేరే సాక్ష్యం ఎందుకు? కవరు చింపేశాను. ఆ రాత్రి డడ్లీ గురక కూడా వినబడకుండా నిద్రపోయాను.

వచ్చే ఏడు పై లీగ్‌కి రమ్మన్నారు. వస్తానని నిన్న సంతకం చేసి పంపించాను. శుక్రవారానికి ఇంటికొస్తున్నాను. వోగెల్ కొట్టుకి నేనే వెళ్ళి మాంసం తెస్తాను, నువ్వు వెళ్ళకు.

డార్సీ బంతి గురించి. నువ్వన్నది నిజమే. కిందుగానే పోయింది.

ఎమెట్

*

కెల్లర్స్ బెండ్,
సెప్టెంబరు 16

ఎమెట్,

శుక్రవారం నువ్వొచ్చేలోగా ఇది నీ చేతికి అందాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను. ఎదురుగా చెప్పడం నాకూ చేతకాదు.

వోగెల్ కొట్టుకి నువ్వు వెళ్ళక్కర్లేదు. నిన్న వాడే వచ్చాడు, మంచి తొడ ముక్క పట్టుకుని. గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు చూశానన్నాక మాకు వేరే మాటేముంది, ఒటీలియా" అన్నాడు. పాస్టరుగారు కూడా ఆదివారం ప్రసంగంలో సత్యం పలికిన స్త్రీ అంటూ ఎవరి గురించో చెప్పారు, అందరూ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

నీకు చెప్పకుండా ఉండిపోదామనే మొదట అనుకున్నాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. నువ్వు పై లీగ్‌కి సంతకం చేశావు కదా, ఇంక ఫరవాలేదు, నేనెందుకు కదపాలి అనుకున్నాను. కానీ రేపు ఇంకో ఊళ్ళో ఇంకోడు దుమ్ములో జారతాడు. అక్కడ మూడో బేసు పక్కన పెద్దమ్మ ఉండదు. అప్పుడు నువ్వు ఎవరి కళ్ళని పట్టుకుని నిద్రపోతావు?

డార్సీ ఆ ఆఖరి బంతిని కొట్టగానే నేను చేతిరుమాలుతో మొహం కప్పుకున్నాను. షార్కీ చేరితే ఆట సమానం, జెండా ఆశ నిలుస్తుంది; షార్కీ అవుటైతే నువ్వు ఊళ్ళో బతకవు. ఏం కోరుకోవాలో నాకు తెలియలేదు. దేవుణ్ణి కూడా ఫలానాది కావాలని అడగలేకపోయాను. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. కాళ్ళ చప్పుడు విన్నాను. తర్వాత నీ గొంతు విన్నాను. రుమాలు తీసేసరికి అంతా అయిపోయింది.

ఇది చదివి మళ్ళీ కాగితం, కవరు ముందేసుకుని కూర్చోకు. ఆ రోజు ఊరంతా కళ్ళు తెరుచుకునే చూసింది, ఒక్కరికీ దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఎవరికి వాళ్ళు కావలసింది అరిచారు. అందులోకెల్లా కావలసింది అరవనివాడివి నువ్వొక్కడివే. నీకు షార్కీ ఎంత కావాలో నాకు తెలియదా? వాడి బొమ్మ ఇప్పటికీ నీ మంచం పైన గోడకి ఉంది.

నేను చూశానని ఎవరితోనూ అనలేదురా. వోగెల్ సేఫా అవుటా అని అడిగాడు. నువ్వు ఏమన్నావో అదే చెప్పాను.

మీ పెద్దమ్మ